108 నంబరు నుంచి సోమాలియాకు

పోయిన ఎపిసోడ్‌లో ఆఫీసు ఫోన్ల దొంగతనం గురించి ఓ పది నిమిషాలు మాట్లాడి వదిలేశాను. "అన్నా, మా కంపెనీలో కూడా ఇట్లే జరిగింది, కాస్త విడమరిచి చెప్పు" అని ఫహాహీల్ నుంచి, ఖైతాన్ నుంచి వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. దమ్మాం నుంచి కూడా ఒకాయన పెట్టాడు. మాట్లాడేటప్పుడు కొన్ని సంగతులు దాటేశాను. వాటిల్లో నేను చేసిన తప్పు కూడా ఒకటి ఉంది. నోటితో చెప్పడానికి మొహమాటపడ్డాను, అందుకే ఇక్కడ రాస్తున్నా.

2013లో నేను షువైఖ్‌లో ఒక ట్రేడింగ్ కంపెనీలో పని చేసేవాణ్ణి. పేరెందుకులెండి. అకామాలో టెక్నీషియన్. అసలు పనేమో కెమెరాలు, ప్రింటర్లు, ఫోన్లు, ముదీర్ గారి ఇంట్లో వైఫై, అన్నీ నేనే. మా ఆఫీసులో టీ పెట్టి, ఫైళ్ళు మోసి, రాత్రి వెనక గదిలో పడుకునే పెద్దాయన ఒకరుండేవాడు. రాజంపేట వైపు మనిషి. నేను రాయచోటి. ఆయన నన్ను "అబ్బీ" అనేవాడు, నేను "మామా" అనేవాణ్ణి. తాళాలు ఆయన దగ్గరే ఉండేవి.

ఒక ఆదివారం పొద్దున ఆఫీసుకు పోతే, "బయటి నుంచి ఫోన్లు రావట్లేదు, అన్నీ ఎంగేజ్" అన్నారు. నాలుగు ల్యాండ్‌లైన్లు, నాలుగూ బిజీ. పెట్టె హ్యాంగ్ అయిందనుకుని స్విచ్ తీసి వేశాను, బాగైపోయింది. మరుసటి ఆదివారం కూడా అదే కథ. మళ్ళీ స్విచ్ తీసి వేశాను. కొన్ని వారాలకు బిల్లు వచ్చింది. నాలుగు వేల దినార్లకు దగ్గర దగ్గర. అప్పుడు మామ జీతం నెలకు తొంభై.

బిల్లులో ఉన్న దేశాలు చూస్తే మాకెవరికీ సంబంధం లేనివి. సోమాలియా, క్యూబా, లాట్వియా. టైము చూస్తే రాత్రి రెండు, మూడు, నాలుగు. అన్నీ శుక్ర, శనివారాలే. ఆ టైములో ఆఫీసులో ఉండేది ఎవరు? మామ. ముదీర్‌కి లెక్క అక్కడికక్కడే తేలిపోయింది.

ఆ మిగతా కథకు వస్తా. ముందు, ఎవరి ఫోన్ లైనో దొంగిలించి సోమాలియాకు ఫోన్ చేస్తే ఎవరికి లాభం అన్నది తెలియాలి. అది తెలియాలంటే "నిమిషం" అనే సరుకు కథ తెలియాలి. ఆ సరుకు కొని కొని మనవాళ్ళు ఎంత తగలేసుకున్నారో మీకు నేను చెప్పనక్కర్లేదు.

మా నాయన తరం కువైట్‌కు వచ్చినప్పుడు ఉత్తరాలే. చదువు రాని ఇళ్ళకు క్యాసెట్ మీద మాట రికార్డు చేసి, ఊరికి పోయే మనిషి చేతికి ఇచ్చి పంపేవాళ్ళు. ఫోన్ లేకా కాదు. కువైట్‌లో ఊళ్ళోపల ల్యాండ్‌లైన్ నుంచి ల్యాండ్‌లైన్‌కు మాట్లాడితే అప్పుడూ ఇప్పుడూ పైసా లేదు. ఉత్తరాన ఉమ్ అల్ ఐష్ దగ్గర 1969లోనే ఉపగ్రహం ద్వారా మాటలు పంపే కేంద్రం కట్టుకున్న దేశం ఇది. ఖరీదంతా సరిహద్దు దాటడంలో ఉండేది. పంపే దేశం ఫోన్ల శాఖ, అందుకునే దేశం ఫోన్ల శాఖ, రెండూ కూర్చుని నిమిషానికి ఇంత అని ఒప్పందం చేసుకుని పంచుకునేవి. అవతలి వైపు మనకు 1986 నుంచి వీఎస్ఎన్ఎల్ ఒక్కటే. విదేశీ కాల్ ఏదైనా దాని గుమ్మం గుండానే రావాలి. ఆ గుత్తాధిపత్యం 2002 ఏప్రిల్‌లో గానీ పోలేదు. రెండు వైపులా ఒక్కొక్క కొట్టే ఉంటే బేరం ఎక్కడుంటుంది?

ఊళ్ళో ఫోన్ ఉండటం కూడా ఆ తర్వాత మాటే. 1984లో సీ-డాట్ పెట్టి, చిన్న ఊళ్ళ ఎండకూ దుమ్ముకూ తట్టుకునే ఎక్స్ఛేంజీలు తయారు చేసి, వీధి వీధికీ పసుపురంగు ఎస్టీడీ బూతులు వచ్చాక మన కథ మారింది. ఇక్కడి నుంచి బూతుకు ఫోన్ చేసి, "మా అమ్మను పిలవన్నా, పది నిమిషాలాగి మళ్ళీ చేస్తా" అని పెట్టేయడం, బూతు పిల్లోడు సైకిలేసుకుని పోవడం, అమ్మ ఆయాసపడుతూ వచ్చి మొదటి నిమిషమంతా ఏడవడం. ఆ ఏడుపుకు కూడా మీటరు తిరిగేది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చిన తర్వాత ఆ మాట కూడా తెగిపోయింది. ఇక్కడున్నవాళ్ళు బతికున్నారో లేదో కడప జిల్లాలో ఇళ్ళకు తెలియదు. ఇరాక్ మీదుగా అమ్మాన్ చేరి, అక్కడి నుంచి ఎయిరిండియా విమానాల్లో దాదాపు 1,70,000 మంది భారతీయులు ఇల్లు చేరారు. చాలా ఇళ్ళకు మనిషి గుమ్మంలో నిలబడ్డాకే కబురు తెలిసింది. ఉమ్ అల్ ఐష్ కేంద్రం ఆక్రమణలో ధ్వంసమైపోయింది. సిటీలో సగం లేచి ఆగిపోయిన టెలికం టవరు మాత్రం నిలిచింది. దాన్నే తర్వాత పూర్తి చేసి, పేరు మార్చి, 1996లో తెరిచారు. అదే 372 మీటర్ల లిబరేషన్ టవర్. సెలవు రోజు సిటీకి పోయి దాని కింద ఫోటో దిగనివాడు మనలో ఉన్నాడా?

ఇంత ఖరీదున్న సరుకుకు దొంగలు ఉండకుండా ఉంటారా? ఉన్నారు. మొదటివాళ్ళు మాత్రం డబ్బు దొంగలు కారు. అమెరికాలో దూరపు లైన్లు ఖాళీగా ఉన్నాయని ఎక్స్ఛేంజీలు ఒకదానికొకటి 2600 హెర్ట్జ్ అనే ఒక కూతతో చెప్పుకునేవి. ఆ కూత మనుషులు మాట్లాడే తీగ మీదే పోయేది. పుట్టుకతోనే చూపు లేని జో ఎంగ్రెసియా అనే పిల్లవాడు నోటితో ఈల వేసి ఆ లైన్లను ఆడించగలిగాడు. ఉదయం తినే అటుకుల డబ్బాలో పిల్లలకు ఇచ్చే బొమ్మ ఈల సరిగ్గా అదే స్థాయిలో కూస్తుందని తెలిశాక జాన్ డ్రేపర్ అనే ఇంకొకతనికి ఆ అటుకుల పేరే ముద్దుపేరు అయింది. 1971లో ఎస్క్వైర్ పత్రికలో దీని మీద పెద్ద వ్యాసం వచ్చింది. అది చదివిన ఇద్దరు కుర్రాళ్ళు ఆ కూతలు వేసే పెట్టెలు తయారు చేసి అమ్మారు. వాళ్ళు తర్వాత ఆపిల్ కంపెనీ పెట్టారు, వోజ్నియాక్, జాబ్స్. కుబేరులయ్యారు కాబట్టి అది చిలిపితనం అయింది. మనబోటివాడు చేసుంటే దానికి పేరు వేరే ఉండేది.

తర్వాత ఫోన్ కంపెనీలు ఆ సంకేతాలను మాట్లాడే తీగ నుంచి తీసేసి వేరే దారిలో పెట్టాయి. ఈల పని చేయడం మానేసింది. దొంగతనం ఆగలేదు, అడ్రసు మారింది. పెద్ద ఫోన్ కంపెనీ తలుపు గట్టిదైతే, దాని నుంచి లైన్లు తీసుకున్న చిన్న ఆఫీసు తలుపు ఉందిగా. ఆఫీసుల్లో పదిమందికి నాలుగు లైన్లు పంచే పెట్టె ఉంటుంది, పీబీఎక్స్ అంటారు. మేనేజర్ ఇంటి నుంచి ఆఫీసుకు ఫోన్ చేసి, ఓ రహస్య సంఖ్య కొట్టి, ఆఫీసు ఖర్చు మీద బయటికి మాట్లాడుకునే సౌకర్యం దాంట్లో ఉండేది. వాయిస్ మెయిల్‌కు నాలుగంకెల పిన్ ఉండేది. చాలాచోట్ల పెట్టె అమ్మినప్పుడు ఏ సంఖ్య ఉందో అదే ఏళ్ళ తరబడి ఉండిపోయేది. ఎనభైల చివర్లో, తొంభైల మొదట్లో న్యూయార్క్ పోర్ట్ అథారిటీ బస్ స్టేషన్ దగ్గర పబ్లిక్ ఫోన్ల పక్కన నిలబడి, ఇట్లా దొంగిలించిన సంఖ్యలతో వలస కూలీలకు వాళ్ళ దేశాలకు చౌకగా ఫోన్లు కలిపి ఇచ్చేవాళ్ళుండేవారు. ఐదో పదో డాలర్లిస్తే ఎంతసేపైనా మాట్లాడుకో. బిల్లు ఎవడో ముక్కూ మొహం తెలియని షావుకారుకు పోయేది.

అంటే కొనేది మనలాంటివాడే. ఈ చరిత్ర చదువుతుంటే నాకు గుచ్చుకున్నది ఇదే.

గుచ్చుకోవడానికి కారణం ఇంకో కేసు ఉంది. 2009 జూన్‌లో అమెరికాలో న్యూజెర్సీ ప్రాసిక్యూటర్లు, ఇటలీ పోలీసులు కలిసి బయటపెట్టారు. ఫిలిప్పీన్స్‌లో కూర్చున్న కొందరు అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, యూరప్ దేశాల్లో 2,500కు పైగా ఆఫీసు ఫోన్ పెట్టెలను ఛేదించారన్నది అభియోగం. ఒక్కో పెట్టె తాళంచెవికి వాళ్ళకు ముట్టింది సుమారు 100 డాలర్లు. ఎవరిచ్చారు? ఇటలీలో బ్రెషా చుట్టుపక్కల వలస కూలీలకు ఫోన్లు కలిపే షాపులు నడిపేవాళ్ళు. ఆ దొంగ దారుల్లో పోయినవి 1.2 కోట్ల నిమిషాలు, విలువ 5.5 కోట్ల డాలర్లు. ఆ షాపుల్లో అద్దాల పెట్టెలో నిలబడి ఊరికి మాట్లాడినవాడికి ఇదంతా తెలుసా? వాడికి తెలిసింది బోర్డు మీద రాసిన రేటు ఒక్కటే.

మన ఖైతాన్, ఫర్వానియా నెట్ కేఫుల్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని మాట్లాడిన రోజులు గుర్తున్నాయా? ఆ తర్వాత ఫోన్లోకే "డయలర్" వచ్చింది. బకాలాలో దినారిచ్చి పిన్ కొని ఎక్కించుకోవడం. కువైట్ నుంచి మనం చేస్తే ఇంటి దగ్గర ఫోన్ మీద 965 పడదు, ఏ బెంగళూరు నంబరో, ఊరూ పేరూ లేని ఇండియా మొబైల్ నంబరో పడుతుంది. "ఎవరో అనుకుని ఎత్తలేదురా" అని మా అమ్మ ఎన్నిసార్లు అనిందో. ఆ నంబరు ఎందుకు పడేదంటే, మన మాట ఇంటర్నెట్ మీద ఇండియా దాకా పోయి, అక్కడ ఒక గదిలో వరసగా సిమ్ కార్డులు గుచ్చిన పెట్టెలోకి దిగి, అక్కడి నుంచి లోకల్ కాల్ వేషంలో ఇంటికి చేరేది. సిమ్ బాక్స్ అంటారు. హైదరాబాద్ పాతబస్తీలో పోలీసులు, టెలికం శాఖవాళ్ళు కలిసి అట్లాంటి గదులు పట్టుకున్నారని పేపర్లలో వచ్చేది. ఇక్కడ జలీబ్ లాంటి చోట్ల గదుల్లో ఇంటర్నెట్ కాల్స్ అమ్మేవాళ్ళను పట్టుకున్నారని కూడా చదివేవాళ్ళం. లైసెన్సు లేకుండా ఫోన్ సేవలు అమ్మడం ఇక్కడ నేరం, 2014 నాటి 37వ నంబరు టెలికం చట్టం కింద. ఎవరైనా గదిలో పెట్టె పెట్టుకోనివ్వు, నెలకు ముప్పై దినార్లిస్తా అంటే ఆశపడొద్దు. పెట్టె వాడిదైనా గది అద్దె కాగితం మీద పేరు మీదే ఉంటుంది.

చౌక నిమిషాలన్నీ దొంగ సరుకని నేననడం లేదు. కొన్ని పన్ను ఎగ్గొట్టినవి, కొన్ని నిజంగానే ఇంటర్నెట్ వల్ల చౌకైనవి, కొన్ని పక్కా దొంగవి. మూడూ ఒకే సంచిలో పోసి అమ్మేవాళ్ళు. ఏరుకునే వీలు మనకు లేదు.

ఇంటర్నెట్ వచ్చాక దొంగకు రెండు మేళ్ళు జరిగాయి. 1999లో సిప్ అనే పద్ధతి ప్రమాణంగా వచ్చింది, ఇంటర్నెట్ మీద ఫోన్ మోగించడానికి, ఎత్తడానికి, పెట్టేయడానికి అందరూ ఒప్పుకున్న భాష అన్నమాట. అదే ఏడాది మార్క్ స్పెన్సర్ అనే కుర్రవాడు ఆస్టరిస్క్ అనే ఉచిత ప్రోగ్రామ్ మొదలుపెట్టాడు. మామూలు కంప్యూటరులో వేస్తే అదే పీబీఎక్స్. వేల దినార్ల పెట్టె పని పాత కంప్యూటరుతో అయిపోతుంటే ఏ చిన్న కంపెనీ వద్దంటుంది? అట్లా ఫోన్ల గురించి ఏమీ చదవని నాలాంటివాళ్ళు ఫోన్ సిస్టమ్‌లు బిగించడం మొదలుపెట్టాం. రెండో మేలు, దొంగ ఇప్పుడు తీగ దగ్గరికి రానక్కర్లేదు. సిప్ తలుపు మామూలుగా 5060 అనే పోర్టు మీద ఉంటుంది. ప్రపంచంలో ఉన్న అడ్రసులన్నిటి మీదా ఆ తలుపు తట్టుకుంటూ పోయే ప్రోగ్రామ్ ఒకటి రాత్రంతా నడుపుకుంటే చాలు.

2006లో అమెరికాలో పట్టుబడ్డ ఎడ్విన్ పెనా, రాబర్ట్ మూర్ కేసు ఈ కొత్త దొంగతనానికి పెద్ద కేసుల్లో మొదటివాటిలో ఒకటి. పెనా మయామీలో కూర్చుని చౌక నిమిషాలు అమ్మే వ్యాపారి. సొంత దారులు కొనకుండా, వేరే ఇంటర్నెట్ ఫోన్ కంపెనీల దారుల్లోంచి కోటికి పైగా నిమిషాలు పంపాడు. తలుపులు వెతికి ఇచ్చింది మూర్. అతనికి రెండేళ్ళు పడ్డాయి. పెనా దేశం వదిలి పారిపోయి, 2009లో మెక్సికోలో దొరికి, 2010లో పదేళ్ళ శిక్ష వేయించుకున్నాడు. మూర్ జైలుకు పోయే ముందు చెప్పిన మాటల్లో ముఖ్యమైనది, చాలా పెట్టెలకు ఫ్యాక్టరీ పాస్‌వర్డే ఉందన్నది. ఏ మంత్రమూ లేదు.

మరుసటి ఏడాది, 2007లో, మీ పెట్టె గట్టిగా ఉందో లేదో మీరే పరీక్షించుకోండని సాండ్రో గౌచి అనే భద్రతా నిపుణుడు సిప్‌విషస్ అనే పనిముట్టు బయటపెట్టాడు. పరీక్షకని చేసింది దొంగల చేతికి చిక్కింది. అది తలుపు తట్టినప్పుడు తన పేరు "ఫ్రెండ్లీ స్కానర్" అని చెప్పుకుంటుంది. మన ఆఫీసు పెట్టెల లాగ్ తెరిచి చూడండి, ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టినదైతే ఈ స్నేహితుడో, ఇతని చుట్టాలో కనబడకుండా ఉండరు.

ఇక సోమాలియా సంగతి. నిమిషాల ధర పడిపోయాక, దొంగిలించిన నిమిషాన్ని కూలీవాడికి అమ్మితే మిగిలేది తక్కువ. అప్పుడు దొంగలు ఇంకో దారి పట్టారు. కొన్ని దేశాల్లో, కొన్ని నంబర్ల వరసలకు ఫోన్ చేస్తే నిమిషానికి రేటు చాలా ఎక్కువ. ఆ డబ్బులో వాటా ఆ నంబరు అద్దెకు తీసుకున్నవాడికి వస్తుంది. దొంగ ముందే అట్లాంటి నంబరు తీసుకుంటాడు. మన ఆఫీసు పెట్టెలో దూరి, మన లైన్ల మీద నుంచి తన నంబరుకే తాను ఫోన్ చేసుకుంటాడు. కస్టమరు అక్కర్లేదు, షాపు అక్కర్లేదు. 2015 ఫిబ్రవరిలో కరాచీలో దొరికిన నూర్ అజీజుద్దీన్ మీద ఎఫ్‌బీఐ మోపిన కేసు ఇదే. 2008 నుంచి 2012 దాకా 5 కోట్ల డాలర్లకు పైగా నష్టం. ఆ ముఠా డబ్బు చేరవేసినట్టు ఒప్పుకున్న ఖస్మానీ అనే అతను 650 మందికి, పది దేశాలకు పంచాడు. వాళ్ళ పద్ధతి చూస్తే నాకు చెమట పట్టింది. ఆఫీసుల్లో ఎవరూ వాడని ఎక్స్‌టెన్షన్ నంబర్లు వెతికి, వాటిని తమకు అనుకూలంగా మార్చుకునేవాళ్ళు.

మా ఆఫీసులో ఎవరూ వాడని ఎక్స్‌టెన్షన్ 108.

బిల్లు వచ్చిన రోజు రాత్రి పెట్టెలో కాల్ రికార్డు తీసి చూశాను. నాలుగు వేల దినార్ల కాల్స్ అన్నీ 108 నుంచి. కొత్త సేల్స్‌మాన్ వస్తాడని సృష్టించిన నంబరు. వాడు రాలేదు. ఆ ఫోన్ అట్టపెట్టెలోంచి కూడా తీయలేదు, నా బల్ల కిందే ఉంది. దానికి పాస్‌వర్డ్ నేను పెట్టింది 108. మర్చిపోకుండా ఉంటుందని అన్ని నంబర్లకూ అదే పద్ధతి, 101కి 101, 102కి 102. ముదీర్ దీవానియా నుంచి కూడా ఆఫీసు ఫోన్ వాడుకోవాలన్నాడని రౌటర్‌లో 5060 తెరిచింది కూడా నేనే. ల్యాండ్‌లైన్లకు అంతర్జాతీయ సున్నా ఉందని నాకు తెలుసు. రాత్రిపూట ఎందుకు తెరిచి ఉండాలని ఏనాడూ అనుకోలేదు. మొదటి ఆదివారం స్విచ్ తీసి వేయకుండా రికార్డు చూసుంటే రెండో వారం నష్టం ఉండేదే కాదు.

ఇదంతా ఆ రాత్రే తెలిసింది. నోరు తెరిచింది మాత్రం మూడు రోజుల తర్వాత.

ఎందుకంటే భయం. ఇంట్లో చెల్లెలి పెళ్ళి అప్పు ఉంది. ఎవడిదో తప్పు కింద పోతుందిలే, కంపెనీకి ఇదెంత అనుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం మామ టీ ఇస్తూ, "అబ్బీ, ఇదేందో అరబ్బీ కాయితం సంతకం చెయ్యమంటాండారు, చదివి పెట్టు" అన్నాడు. నాకు అరబ్బీ చదవడం అంతంత మాత్రం. మందూబ్‌ను అడిగితే, ఫోన్లు తానే వాడినట్టు, నెలనెలా జీతంలో పట్టుకోవడానికి ఒప్పుకున్నట్టు ఉందన్నాడు. తొంభై దినార్ల జీతంలో.

అప్పుడు పోయాను ముదీర్ గదిలోకి. రికార్డు ప్రింటు తీసుకుని, అట్టపెట్టెలో ఉన్న ఫోన్ కూడా చంకలో పెట్టుకుని పోయాను. 108 అంటే ఇదీ, ఇంకా సీలు కూడా విప్పలేదు, ఈ కాల్స్ చేసినవాడి ఇంటర్నెట్ అడ్రసు కువైట్‌దే కాదు, తలుపు తెరిచి పెట్టింది నేను, అని చెప్పాను. ఆయన చాలాసేపు ఆ ఫోన్ సీలునే చూశాడు. మామ కాయితం చించేశారు. నాకు మూడు నెలలు కొంత కొంత కోసి, ఆ తర్వాత ఆపేశారు. నేను ఆ మూడు రోజులు ఏం చేశానన్నది మామ ఏనాడూ అడగలేదు. అడిగుంటే బాగుండేది.

ఇప్పుడు మీలో చాలామంది ఆఫీసు బాయ్‌లు, హారిస్‌లు, డ్రైవర్లు, నాలాంటి టెక్నీషియన్లు. ఇద్దరికీ కావలసినది చెప్తా.

ఫోన్లు బిగించే తమ్ముళ్ళకు: ఎక్స్‌టెన్షన్ నంబరే పాస్‌వర్డ్‌గా పెట్టొద్దు. ఇరవై అక్షరాల పిచ్చి రాత పెట్టండి, అది మనిషి గుర్తుపెట్టుకోవాల్సింది కాదు, ఫోన్‌లో ఒకసారి ఎక్కించేది. వాడని నంబరు ఉంటే తీసేయండి. పెట్టెను ఇంటర్నెట్ ముందు నిలబెట్టొద్దు. బాస్ ఇంటి నుంచి వాడుకోవాలంటే వీపీఎన్ పెట్టండి. పోర్టు నంబరు మారిస్తే సరిపోతుందని కొందరంటారు. దానివల్ల తట్టే చప్పుడు తగ్గుతుంది, తలుపు గట్టిపడదు. తప్పు పాస్‌వర్డ్ నాలుగుసార్లు కొట్టిన అడ్రసును మూసేసే ఫెయిల్2బ్యాన్ పెట్టండి. ఆస్టరిస్క్‌లో "ఆల్వేస్ ఆథ్ రిజెక్ట్" అనే సెట్టింగు ఆన్‌లో ఉందో చూడండి. అది లేకపోతే ఏ నంబరు ఉందో ఏది లేదో పెట్టే దొంగకు చెప్పేస్తుంది. కంట్రోల్ ప్యానెల్ పేజీ బయటికి కనబడకూడదు. 2025 ఆగస్టులో కూడా ఫ్రీపీబీఎక్స్ ప్యానెల్ ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టినవాళ్ళ పెట్టెల్లో, పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా, ప్రోగ్రామ్‌లో ఉన్న లోపం గుండా దూరారు. అప్‌డేట్లు వాయిదా వేయొద్దు.

వీటన్నిటికంటే పెద్ద తాళం మన పెట్టెలో లేదు, లైనిచ్చేవాళ్ళ దగ్గర ఉంది. విదేశీ కాల్స్ అక్కర్లేని లైన్లకు అంతర్జాతీయ సున్నా మూయించండి. కావాలంటే ఒక్క లైనుకే ఉంచి, పెట్టెలో కూడా వ్యాపారం ఉన్న దేశాలకే దారి వదలండి. గురువారం సాయంత్రం నుంచి ఆదివారం పొద్దు దాకా ఆ దారి మూసేయండి. కువైట్‌లో వారం సెలవు 2007 సెప్టెంబరులో గురు-శుక్రవారాల నుంచి శుక్ర-శనివారాలకు మారింది. మా బాస్‌లు కొందరు చాలా రోజులు అలవాటు పడలేదు గానీ, దొంగలకు మాత్రం ఏ దేశంలో ఆఫీసు ఎప్పుడు ఖాళీయో బాగా తెలుసు. పెద్ద దోపిడీకి ముందు చాలాసార్లు ఒక చిన్న కాల్ ఉంటుంది, దారి పని చేస్తుందో లేదో చూసుకునేది. అర్ధరాత్రి అరనిమిషం కాల్ ఒకటి రికార్డులో కనబడితే ఆ రోజే లేచి కూర్చోండి. అనుమానం రాగానే ఇంటర్నెట్ తీగ పీకండి, రికార్డు కాపీ చేసుకోండి, ఆ తర్వాతే స్విచ్ సంగతి.

ఇక తాళాలు చేతిలో ఉన్న మామలకు, అన్నలకు: మీరు చేయని ఫోన్ మీ మీద పెడితే భయపడి సంతకం పెట్టొద్దు. 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం ప్రకారం, ఫలానా తప్పు చేశావని రాతపూర్వకంగా చెప్పకుండా, మీ జవాబు వినకుండా శిక్ష వేయడానికి లేదు. ఇది 18 నంబరు వీసా మీద కంపెనీల్లో పనిచేసేవాళ్ళకు. ఇళ్ళల్లో ఖాదిం వీసా మీద ఉన్నవాళ్ళకు చట్టం వేరే. "ఏ ఎక్స్‌టెన్షన్ నుంచి పోయింది, ఏ అడ్రసు నుంచి పోయింది, రికార్డు చూపించండి" అని అడగండి. ఆ రెండు ప్రశ్నలు చాలు. అదీ కాకపోతే షూన్ ఉంది, ఎంబసీ ఉంది. దొంగ ఎక్కడున్నా, పెట్టెలో దూరడం ఇక్కడి 2015 నాటి 63వ నంబరు సైబర్ నేరాల చట్టం కింద నేరం. కంపెనీ ఫిర్యాదు చేయాల్సింది పోలీసులకు, టీ పెట్టే మనిషి మీద కాదు.

ఇప్పుడు ఇంటికి మాట్లాడటానికి నిమిషాలు కొనేదెవరు? వాట్సాప్, ఇమో. అమ్మ వంట చేస్తుంటే ఫోన్ గోడకు ఆనించి గంట సేపు ఊరికే చూస్తాం. సరుకు ధర సున్నా అయింది గానీ సోమాలియా నంబర్లు మాత్రం ఆగలేదు.

మామ 2016లో పూర్తిగా ఊరికి పోయాడు. పోయే ముందు రోజు రాత్రి వెనక గదిలో అట్టపెట్టెలకు తాడు కడుతుంటే నేను కూడా ఒక చెయ్యి వేశాను. ఉన్నట్టుండి అడిగాడు, "అబ్బీ, ఆ సోమాలియా యాడుంది?" ఫోన్‌లో మ్యాప్ తీసి చూపించాను, ఎర్ర సముద్రం, ఆ కొస. "అంత సేపు ఏం మాట్లాడుకున్నారంటావు?" అన్నాడు.

అవతల మనిషే ఉండడు మామా, ఉత్త రింగు శబ్దమో, ఆగండి ఆగండి అనే టేపో తిరుగుతా ఉంటుంది, అన్నాను.

తాడు ముడి వేయడం ఆపి నా వైపు చూశాడు. "నాలుగు వేల దినార్లకు ఎవురూ ఎవురితోనూ మాట్లాడలేదా?"